మీ వేళకి మోగే రేడియో

రేడియోలో నాటకం అంటే ఒకప్పుడు ఇల్లంతా సద్దుమణగాల్సిందే. సరిగ్గా అప్పుడే చుట్టాలొస్తే... ఆ భాగం పోయినట్టే. మళ్లీ వేస్తారో లేదో తెలీదు. పాడ్‌కాస్ట్‌లో ఆ బెంగ లేదు. మధ్యలో పాలవాడొస్తే ఆపి వెళ్లొచ్చు, తిరిగొచ్చాక ఆగిన మాట దగ్గర్నుంచే వినొచ్చు. కంటి ఆపరేషనై కొన్నాళ్లు పుస్తకం ముట్టొద్దన్న తాతయ్యకి ఇంతకన్నా మంచి కాలక్షేపం దొరకదు.

పేరు చూసి కంగారు పడక్కర్లేదు. ఐపాడ్‌నీ బ్రాడ్‌కాస్ట్‌నీ కలిపి 2004లో బ్రిటన్ పత్రిక 'గార్డియన్'లో బెన్ హామర్స్‌లీ వాడిన మాట ఇది. మరుసటి ఏడాదే ఆపిల్ తన ఐట్యూన్స్‌లో వీటికి చోటిచ్చింది. 2022లో ఐపాడ్ తయారీనే ఆపేసింది. పేరులో మాత్రం అది అలాగే ఉండిపోయింది! వినడానికి మామూలు స్మార్ట్‌ఫోను చాలు.

ఐఫోన్‌లో 'ఆపిల్ పాడ్‌కాస్ట్స్' ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనైతే ప్లేస్టోర్ నుంచి 'యాంటెన్నాపాడ్', 'పాకెట్ కాస్ట్స్' లాంటి ఆప్ వేసుకోవాలి. కథలో, క్రికెట్టో, ఆరోగ్యమో... ఇష్టమైన విషయాన్ని సెర్చ్‌లో కొట్టండి. తెలుగులోనూ ఉన్నాయి. నచ్చినదాని పక్కన 'సబ్‌స్క్రైబ్' నొక్కాలి. ఇక్కడే చాలామంది వేలు ఆగిపోతుంది, చందా కట్టాలేమోనని! చాలావాటికి పైసా అక్కర్లేదు. ఈ గందరగోళం పడలేకనో ఏమో, ఆపిల్ 2021లో ఆ మాట తీసేసి 'ఫాలో' అని పెట్టింది.

వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసిపెట్టుకుంటే సిగ్నల్ లేని చోటా వినొచ్చు. వింటూ నిద్రపోయే అలవాటుంటే స్లీప్ టైమర్ ఉంది. వేగం పెంచే మీటా ఉంటుంది కానీ, కథలు వినేటప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలు. ఒకటిన్నర రెట్ల వేగంతో ఏడుపు సీను వింటే నవ్వొస్తుంది.

ఇంతకీ కొత్త ఎపిసోడ్ వచ్చిందని ఫోనుకెలా తెలుస్తుంది? ప్రతి పాడ్‌కాస్ట్‌కీ ఆర్ఎస్ఎస్ ఫీడ్ అని ఒకటి ఉంటుంది. కొత్త భాగం పెట్టగానే దాని పేరూ, ఆడియో ఫైలు ఉన్న చోటూ ఆ ఫీడ్‌లో చేరతాయి. ఆప్ అప్పుడప్పుడూ వెళ్లి చూసొస్తుంది. అంటే ఆప్ ఇంటికి పేపరు వేసే అబ్బాయి లాంటిదన్నమాట. అబ్బాయి మారినా పేపరు ఆగదు.

కానీ ఏయే పేపర్లు వేయాలో కొత్త అబ్బాయికి చెప్పాలిగా! 2024లో గూగుల్ తన 'గూగుల్ పాడ్‌కాస్ట్స్'ని మూసేసింది. జాబితాని గడువులోగా దింపుకున్నవాళ్లు వేరే ఆప్‌లోకి హాయిగా మారిపోయారు. పట్టించుకోనివాళ్లు ఒక్కోటీ గుర్తు తెచ్చుకుని వెతుక్కోవాల్సి వచ్చింది. మనవడు పాతిక కార్యక్రమాలు పెట్టిచ్చి హాస్టల్‌కి వెళ్లిపోతే, తాతయ్యకి అవన్నీ పేర్లతో సహా గుర్తుంటాయా? అందుకే ఆప్ వేసిన రోజే ఈ పనీ చేసేయాలి. పైన చెప్పిన రెండు ఆండ్రాయిడ్ ఆప్‌లలోనూ సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌పోర్ట్' ఉంటుంది. నొక్కితే ఓపీఎంఎల్ అనే చిన్న ఫైలు వస్తుంది. దాన్ని మెయిల్‌కి పంపి దాచుకోండి. రేపు కొత్త ఆప్‌లో 'ఇంపోర్ట్' నొక్కి ఆ ఫైలు చూపిస్తే జాబితా మొత్తం వచ్చి చేరుతుంది. కొత్తవి చేర్చినప్పుడల్లా మరోసారి ఎక్స్‌పోర్ట్ చేయడం మర్చిపోవద్దు.