‘34 ఇవ్వండి’ అంటే చాలదు

స్టూవర్టుపురం నుంచి చీరాల వెళ్లి బ్రా కొనేటప్పుడు మీరూ ‘34 ఇవ్వండి’ అనే ఉంటారు. ఒక కంపెనీది బిగుసుకుంటుంది, మరొకటి జారుతుంది. లోపం మీ ఒంటిది కాదు. రొమ్ముల కింది చుట్టుకొలతకు కొందరు తయారీదారులు నాలుగైదు అంగుళాలు కలిపి 34 అంటారు, కొందరు కలపరు. పైగా 34 పట్టీ సైజే. కప్పుకు ఎ, బి, సి అక్షరం వేరే. అది లేకుండా అమ్మడం, నన్నడిగితే, సగం సైజు అమ్మడమే.

బిగుతు బ్రాతో క్యాన్సర్ రాదు. కానీ మన కోస్తా ఉక్కపోతలో రొమ్ముల కింద ఒరిసి, చెమట నిలిచి, ఫంగస్ పట్టాకే మా ఓపీకి వస్తారు. ఇంట్లోనే టేపుతో రొమ్ముల కింద, మీదుగా రెండు కొలతలూ తీసుకుని ఆ కంపెనీ పట్టికలో చూసుకోండి. 34బి పట్టీ బిగుతైతే 36ఎ అడగండి, కప్పు దాదాపు అంతే ఉంటుంది. కొత్తది బాగా వదులైన కొక్కేనికే సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాగూ సాగుతుంది.