బెల్లందే వదినా, తిను!

బీపీ ఉందని చెబితే ఎవరూ మన ఉప్పు డబ్బా వంక చూడరు. మోకాళ్ల నొప్పులంటే మహా అయితే ఓ నూనె పేరు చెప్పి ఊరుకుంటారు. షుగర్ అని నోరు జారామో, ఆ రోజు నుంచి మన విస్తరి ఊరుమ్మడి ఆస్తి. రెండోసారి అన్నం వడ్డించుకుంటే ఒకరు కళ్లెర్రజేస్తారు, వద్దంటే ఇంకొకరు బుగ్గలు నొక్కుకుంటారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే. కాబట్టి ఈ పాట్లు నా ఒక్కదానివే కావు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చీటీ మీద రాసిస్తారు. చుట్టూ ఉన్న మనుషులతో ఎలా నెగ్గుకురావాలో మాత్రం ఎవరూ రాసివ్వరు.

మొన్న బంధువుల ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక మా ఆడపడుచు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకొచ్చింది. "బెల్లందే వదినా, పంచదారది కాదు. ఏం కాదు, తిను" అంటూ ఒకటి చేతిలో పెట్టేసింది. పైనున్న కాగితానికి అప్పటికే నెయ్యి అంటింది. రేకు చూస్తే బియ్యప్పిండిది, లోపల బెల్లం పొడి. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. రంగు మారినంత మాత్రాన ఒంట్లోకి వెళ్లాక అది చేసే పని మారదు. తేనె సంగతీ అంతే, తాటిబెల్లం సంగతీ అంతే. ఇదంతా అక్కడ విప్పి చెప్పవచ్చు. చెబితే ఏమవుతుంది? "మా మామగారు రోజూ బెల్లం టీయే తాగుతారు, ఆయనకేమైంది?" అని మొదలవుతుంది. వద్దనడానికి కారణం చెప్పామా, ఆ కారణం మీద వాదన. కారణం చెప్పకుండా వద్దంటే పట్టుకోవడానికి వాళ్లకు కొస దొరకదు. "నాకు చాలమ్మా, పిల్లలకు కట్టివ్వు" అన్నాను. ఆ మాట ఆవిడకూ బాగానే ఉంది, ఏకంగా నాలుగు పొట్లం కట్టింది. తినాలనిపించిన రోజు తింటాను కూడా. పూటకి ఎంత అన్నం తగ్గించుకోవాలో నాకు తెలుసు.

అలా తినే రోజున ఇంకో రకం మనుషులు తగులుతారు. "అయ్యో, మీరు స్వీటు తింటున్నారా?" అని బంతి మొత్తానికీ వినబడేలా అడుగుతారు. "చూసుకునే తింటున్నానండీ" అనేసి పక్కవాళ్లతో మాటల్లో పడటమే మందు. అన్నం మానేసి చపాతీ తినమనేవాళ్లతోనూ వాదించను. నాలుగు చపాతీల్లో ఉండే పిండిపదార్థం వాళ్ల ఇంట్లోనే ఎవరికో ఒకరికి గ్లూకోమీటర్ చూపిస్తుంది.

కానీ ఒక్కచోట మాత్రం మొహమాటం పనికిరాదు. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి, కుండీలో ఇన్సులిన్ మొక్క... సలహాలకేం కొదవ? మెంతులు కాస్త మేలు చేస్తే చేయొచ్చు, కాదనను. "అది తాగు, ఇంగ్లీషు మందులు మానేయ్" అన్నప్పుడే అసలు ప్రమాదం. మా అపార్ట్‌మెంటులో టైప్ 1 ఉన్న ఇంటర్ కుర్రాడు ఉన్నాడు. "చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కువ పెట్టావేమో" అని వాళ్లమ్మను లిఫ్టులో అడిగినవాళ్లున్నారు. టైప్ 1కి చాక్లెట్లు కారణం కాదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. దానికి ఆ తల్లి ఏం చేయగలదు? ఇన్సులిన్ ఆపితే అలాంటి పిల్లల ప్రాణానికి కొద్ది రోజుల్లోనే ముప్పు. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా, ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. థాంప్సన్ మరో పదమూడేళ్లు బతికాడు. ఆ మందును మానేయమని సలహా ఇవ్వడానికి మనవాళ్లకు కావలసింది ఒక వాట్సాప్ ఫార్వర్డ్.

పెద్దవాళ్లకు టైప్ 2లో ఇన్సులిన్ మొదలుపెడితే "అయ్యో, సూది దాకా వచ్చిందా!" అంటూ పరామర్శకు వచ్చినట్టు మాట్లాడతారు. ఏళ్లు గడిచేకొద్దీ బీటా కణాల సత్తువ తగ్గడం ఈ జబ్బు నడకలోనే ఉంది, మాత్రలు చాలని రోజు రావచ్చు. ఈ పరామర్శలకు భయపడి సూది వాయిదా వేసుకుని, కళ్లకూ కిడ్నీలకూ ముప్పు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. పెళ్లి సంబంధాలు చెడతాయని కూతురి సూదులు బీరువాలో దాచే ఇళ్లూ తెలుసు. ఇలాంటి మాటలు విన్నప్పుడు నవ్వేసి ఊరుకోకండి. పెద్దలైనా సరే, "పిన్నీ, ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి, ప్రాణం మీదికొస్తుంది" అని మొహం మీదే చెప్పండి. పిల్లలకు షుగర్ ఉంటే ఆ సంగతి బడివాళ్లకూ చెప్పాలి. పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పండ్లు తీసుకెళ్లడానికి సీబీఎస్ఈ 2017లోనే అనుమతి ఇచ్చింది.

ఇక అందరికీ తెలిసి ఉండాల్సిందీ, దాదాపు ఎవరికీ తెలియనిదీ ఒకటుంది. ఓసారి ఆఫీసులో మీటింగు సాగి సాగి భోజనం వేళ దాటిపోయింది. పొద్దున గ్లిమిపిరైడ్ వేసుకున్నాను. చేతులు వణకడం మొదలైంది, మెడ వెనక చెమట, ఎదుటివాళ్ల మాట చెవిన పడుతోంది గానీ అర్థం కావడం లేదు. సొరుగులోంచి పంచదార పొట్లం తీసి విప్పుతుంటే, పక్క సీటాయన "మేడమ్, మీకు షుగర్ కదా!" అని లాగేసుకున్నాడు. మంచి మనిషే. ఆయన చేతిలోంచి మళ్లీ లాక్కోవడానికి నాకు ఒంట్లో ఓపిక లేదు. ఇంకొకావిడ చూసి, కేకేసి, నా నోట్లో పోసింది. ఆ సాయంత్రమే ఆయనకు అన్నీ వివరంగా చెప్పాను. మీ ఇంట్లో ఒకరికీ, పనిచేసే చోట ఒకరికీ మీరూ చెప్పి ఉంచండి.

మీకు షుగర్ లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. షుగర్‌కు మందులు వాడే మనిషికి ఒక్కసారిగా చెమటలు పట్టి, వణుకుతూ, మాట తడబడితే రక్తంలో చక్కెర 70 కిందికి జారి ఉండవచ్చు. స్పృహ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.