జరిమానా సర్కారుకు, నష్టం బాధితునికి!

ముంబయి జాతీయ రహదారి నుంచి పాశమైలారం పారిశ్రామికవాడకు మళ్ళే దారిలో షిఫ్టు మారే వేళ కాలు పెట్టే సందు ఉండదు. సరుకు లారీలు, కంపెనీ బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు, సొంత కార్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. అలాంటి చోట కారును గుద్దిన బండికి బీమా లేదని తేలితే ఆ కారు యజమాని గతి ఏమిటి?

రోడ్డుమీద నలుగురు చేరి, ఎంతో కొంత ఇప్పించి, సర్దుకుపొమ్మనడం తరచు జరిగేదే. షెడ్డులో మరమ్మతు బిల్లు చేతికి వచ్చాక గాని ఆ సర్దుబాటులో నష్టపోయింది ఎవరో తెలియదు.

థర్డ్ పార్టీ బీమా లేనిదే ఏ బండీ రోడ్డెక్కరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం శాసిస్తున్నది. 2019 సవరణ ప్రకారం మొదటి తప్పుకు 2,000 రూపాయల జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఆ జరిమానా ఖజానాకు చేరుతుంది. పగిలిన అద్దానికి, నొక్కుకుపోయిన తలుపుకు అందులోంచి ఒక్క పైసా రాదు.

సమగ్ర బీమా ఉన్న కారు యజమాని తన కంపెనీ నుంచే మరమ్మతు ఖర్చు పొందవచ్చు. కాని చేయని తప్పుకు నో క్లెయిమ్ బోనస్ వదులుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి ఆ దారి కూడా లేదు.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చావులకు, గాయాలకే పరిమితమనే అపోహ చాలామందిలో ఉంది. ఆస్తి నష్టానికి కూడా అక్కడ దరఖాస్తు చేయవచ్చు. తప్పు చేసిన డ్రైవరే కాదు, బండి యజమాని కూడా బాధ్యుడే. పోలీసు ఫిర్యాదు ప్రతి, ఫోటోలు, మరమ్మతు బిల్లులు భద్రపరచి 6 నెలల లోపే దరఖాస్తు చేయడం క్షేమం. తీర్పు వచ్చినా సొమ్ము చెల్లించకపోతే భూమిశిస్తు బకాయి వలె కలెక్టరు ద్వారా వసూలు చేయించే వీలు చట్టంలోనే ఉంది.

అయితే అప్పటికి ఆ బండి ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. బీమా లేని బండి ప్రమాదం చేస్తే, యజమాని తగిన హామీ ఇచ్చేవరకు దానిని విడుదల చేయరాదని, హామీ రాకుంటే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమ చేయాలని ఢిల్లీలో నిబంధన ఉంది. అలాంటి నిబంధననే అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బాధితునికి నిజమైన అండ ఇదే. కార్లు మాత్రమే దెబ్బతిన్న ప్రమాదాలను చిన్న గొడవలుగా కొట్టివేయక, పోలీసులు బీమా వివరాలు తప్పక నమోదు చేయాలి.

ఫ్యాక్టరీల యాజమాన్యాలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోరాదు. గేటు వద్ద సరుకు తూచి చూసేవారికి, ఆ సరుకు తెచ్చిన లారీ బీమా గడువు చూడటం పెద్ద పని కాదు. ప్రీమియం ఎగవేసినవాడు హాయిగా తిరుగుతూ, సక్రమంగా కట్టినవాడు షెడ్డు చుట్టూ తిరగడం న్యాయం కాదు. అధికారులు ఇప్పటికైనా మేల్కొనాలి.