చెదకు దారి వేసింది మనమే

పొలంలో ఆచ్ఛాదన తిని నేలను గుల్ల చేసే చెదను మన కూలీ అంటాం. అదే ఇంట్లో కనిపిస్తే క్లోరిపైరిఫాస్ డబ్బా పట్టుకొస్తాం. విషం లేని పంట పండించే మనం పిల్లలు పడుకునే గదిలో విషం పోయడమేంటి?

నాగారంలో మా ఇంటి దర్వాజాకు పైన రంగు చెక్కుచెదరలేదు. తట్టితే డొల్ల చప్పుడు. స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోయింది. తప్పు నాదే. గోడకానించి పిడకలు, గడ్డి పేర్చా. పక్కనే నల్లా లీకు.

మందుకంటే ముందు ఆ తిండి, తేమ తీసేయాలి. పిడకలు, కట్టెలు గోడకు దూరంగా రాళ్ల మీద పెట్టండి. నెలకోసారి గోడ అడుగున, దర్వాజా మూలల్లో మట్టి గొట్టాలున్నాయేమో టార్చితో చూడండి. గీకేసిన గొట్టం మళ్లీ కడితే చెద బతికున్నట్టే. వేపనూనె చెక్కకు కాపే గానీ, నేలలోని పుట్టను చంపదు. తట్టి చూసే పద్ధతి వీడియోలో చూపించా.