హెలికాప్టరు వీరుల శిక్షణము

2025 మార్చి నెలలో కేంద్రప్రభుత్వమువారు 156 ‘ప్రచండ’ హెలికాప్టరులకై హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థతో 62,700 కోట్ల రూపాయల ఒడంబడిక చేసికొనిరి. వీనిలో 66 వాయుసేనకు, 90 భూసేనకు. ఆ యేటనే జూలైలో భూసేనకు మొదటి అపాచీ హెలికాప్టరులు అమెరికానుండి చేరినవి. ఈ వార్తలకు దేశమంతయు సంతోషించినది, మేమును సంతోషించితిమి. కాని యంత్రముల సంఖ్యను లెక్కించుటయం దున్న శ్రద్ధ, వానిని నడుపవలసిన యువకుల శిక్షణము నెడల మనవారికి కలిగినట్లు తోచదు. పోయిన యంత్రమును ధనముతో మరల కొనవచ్చును. పదియేండ్లు కష్టపడి తయారైన వైమానికుని ఏ ధనముతో కొనగలము?

హెలికాప్టరు నడుపుట సామాన్యవిద్య కాదు. రెండు చేతులును రెండు కాళ్లును ఒక్కమారే పనిచేయవలెను; ఒక మీటను కదల్చినచో మిగిలిన వానినన్నిటిని సవరించుకొనవలెను. నిట్టనిలువుగా వేగముతో దిగినచో, తన రెక్కలు క్రిందికి త్రోసిన గాలిసుడిలోనే తాను చిక్కుకొని యంత్రము కూలును. ఆకాశమున ఇంజను ఆగిపోయినచో వైమానికుడు క్షణములలో మీట దింపి, క్రిందినుండి వచ్చుగాలిచే రెక్కలు తిరుగునట్లు చేసికొని నేలకు దిగవలెను. ఆ క్షణము దాటినచో మరి యవకాశము లేదు. ఇట్టి యాపదలను నిజమైన యంత్రముతో మాటిమాటికి అభ్యసింపజేయుట యనగా శిష్యుని, గురువును గూడ మృత్యుముఖమునకు పంపుటయే. అభ్యసింపజేయకుండుటయో, అది యంతకన్న ఘోరము.

ఈ చిక్కునకు విరుగుడు కృత్రిమాభ్యాసము. ఇది మనకు క్రొత్త భావము కాదు. ద్రోణాచార్యుడు శిష్యులగురిని పరీక్షింపదలచి చెట్టుకొమ్మపై నిలిపినది కృత్రిమపక్షినే కదా! ఆధునికకాలమున 1929లో ఎడ్విన్ లింక్ అను అమెరికనుడు తన తండ్రి నడుపు ఆర్గను వాద్యముల కర్మాగారములోని గాలితిత్తులతోనే నేలపై నూగు బొమ్మవిమానమును చేసెను. మొదట దానిని వినోదశాలలవారు కొనిరే గాని సేనలవారు లక్ష్యపెట్టలేదు. 1934లో అమెరికా సైనికవైమానికులకు తపాలా మోయు పని యప్పగింపగా, మంచులో, చీకటిలో దారి గానక పలువురు ప్రాణములు గోల్పోయిరి. అంతట సైన్యమువారు మేల్కొని ఆరు యంత్రములను కొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అయిదులక్షలమందికి పైగా వైమానికులు ఆ పెట్టెలలో కూర్చుండి నేర్చినవారే. చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుట ఆనాటి కథ. దానినుండి నేర్చుకొనక మనమును అట్లే చేయుట తగునా?

నేడీ విద్య మూడు మెట్లుగా సాగుచున్నది. మొదటిది కంప్యూటరు పాఠము. యంత్రములోని ఇంధనము, నూనె, విద్యుత్తు ఏ దారిని ప్రవహించునో శిష్యుడు తెరపై జూచి, తనకు వలసినన్ని మారులు చదివికొని, ప్రశ్నలకు జవాబిచ్చి ముందునకు సాగును. మందుడు తొందరపడ నక్కరలేదు. చురుకైనవాడు వేచియుండ నక్కరలేదు. రెండవది నకలు కాక్‌పిట్టు. అందు చేతులకు అలవాటు కుదురును. మూడవది పూర్తి సిమ్యులేటరు. ఆరు కాళ్లపై నూగు గదిలో, కన్నులయెదుట లోయలు, మేఘములు, దుమ్ము, రాత్రి యన్నియు కంప్యూటరు కల్పించును. అచట ఇంజను నూరుమార్లు ఆగవచ్చును. నూరుమార్లును శిష్యుడు ప్రాణములతో లేచి వచ్చి, తన తప్పేమో తెలిసికొనును.

దీని యవసరమును తెలుపుటకు 2021 డిసెంబరు 8వ తేదీ చాలును. సూలూరునుండి వెల్లింగ్టనుకు పోవుచున్న ఎం.ఐ.17 వి5 హెలికాప్టరు కూనూరువద్ద కూలి, త్రివిధదళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన సతీమణితోగూడ అందున్న పదునలుగురును అసువులు బాసిరి. వారిలో మన చిత్తూరుజిల్లా యువకుడైన లాన్స్ నాయకుడొకడు. లోయలో వాతావరణ మనుకొనని విధముగా మారుటచే హెలికాప్టరు మేఘములలో ప్రవేశించినదనియు, అందువలన వైమానికునికి దిక్కు తెలియని భ్రాంతి కలిగినదనియు విచారణసంఘమువారు 2022 జనవరిలో తెలిపిరి. మేఘమధ్యమున చెవిలోని సమతూకపుటింద్రియము బొంకును. వంగియున్నవాడు నిటారుగా నున్నాననుకొనును. ఎంతటి యనుభవజ్ఞునికైనను ఈ భ్రాంతి తప్పదు. దేహము చెప్పినదానిని త్రోసిపుచ్చి, ముళ్లు చూపినదానినే నమ్ముట నిరంతరాభ్యాసమున గాని రాదు. పద్మవ్యూహమున జొచ్చుట నేర్చి వెలువడుట నేర్వని అభిమన్యుని శౌర్య మెంతటిదైనను ఫలమేమి? మేఘమునుండి వెలువడుట నేర్పవలసిన స్థలము మేఘము కాదు, నేలపై నున్న గది.

ఒడ్డున గూర్చుండి ఈత నేర్వవచ్చునా యని కొందరు పరిహసింతురు. వారి మాటలో కొంత సత్యము కలదు. సిమ్యులేటరులో భయము లేదు. ప్రాణభయ మెరుగని నేర్పు సగము నేర్పే. యంత్రపుగణితము తప్పైనచో శిష్యుడు ఆ తప్పునే నేర్చును, అదియును అపాయకరమే. సియాచిన్‌లో ఇరువదివేల అడుగుల యెత్తున పలుచని గాలిలో చీతా దింపునపుడు అరచేతికి తెలియు వణుకును ఏ తెరయు పూర్తిగా చూపజాలదు. కావున ఆకాశములో గడపవలసిన గంటలను తగ్గించి ధనము మిగుల్చుకొను సాధనముగా దీనిని వాడరాదు.

మరియొక హెచ్చరిక. 2025 జనవరి 5వ తేదీని పోరుబందరులో తీరరక్షకదళమువారి ధ్రువ్ హెలికాప్టరు కూలి ముగ్గురు మరణించిరి. పిదప ధ్రువ్‌లన్నిటిని నేలపై నిలిపివేసిరి. లోహము విరిగినచోట శిక్షణము చేయగలది స్వల్పము. 1960, 70 దశకములలో మన సేనలకు వచ్చిన చేతక్, చీతాలు నేటికిని సేవ చేయుచున్నవి. ముదిసిన యంత్రములను మార్చకుండుటకు క్రొత్తశిక్షణమును సాకుగా చూపుట వీరులయెడ ద్రోహము.

ఇక స్వదేశివిషయము. బెంగుళూరులో 2010లో పనిమొదలిడిన హెలికాప్టరు సిమ్యులేటరుశాల హిందూస్థాన్ ఏరోనాటిక్స్, కెనడాదేశపు సి.ఎ.ఇ. సంస్థల భాగస్వామ్యమున వెలసినది. పరులనుండి నేర్చుట తప్పు కాదు. ఎల్లకాలము పరులపై నాధారపడుట తప్పు. ధ్రువ్, ప్రచండలను రూపొందించినది మనము. వాని గాలిగణితము మనచేత నున్నది. మన సరిహద్దుల కొండలపటములు, మన సేనల యుద్ధపుటెత్తులు ఎక్కింపవలసిన కంప్యూటరుకు తాళపుచెవి పరులచేత నుండుట స్వతంత్రజాతికి తగునా? మార్పు వలసినప్పుడెల్ల విదేశముల ననుమతి వేడుట యేల? హైదరాబాదున 1993లో పుట్టిన జెన్ టెక్నాలజీస్ సైనికశిక్షణకు సిమ్యులేటరులు చేయుచునే యున్నది. ఆదిభట్లలో అపాచీల దేహములే తయారగుచున్నవి. హకీంపేటలో వాయుసేనవారి హెలికాప్టరు శిక్షణాలయము దశాబ్దములుగా నున్నది. విద్యార్థి, పనివాడు, గురువు ఒక్క నగరముచుట్టునే యుండగా వారిని కలుపు సంకల్పమే కొరతగా నున్నది.

సేనలలో సిమ్యులేటరుల వాడుకను పెంచు విధానమును రక్షణమంత్రి 2021లో నంగీకరించిరి. సంకల్పము మంచిదే, ఆచరణమును గూర్చియే మా విన్నపము. క్రొత్త హెలికాప్టరు దళముతోపాటే దాని సిమ్యులేటరును రావలెను. హెలికాప్టరులు ముందువచ్చి శిక్షణశాల యేండ్లకు వచ్చుట కూడదు. ప్రతి వైమానికుడు ప్రతిసంవత్సరము మేఘప్రవేశమును, ఇంజనునాశమును గదిలో నెదుర్కొని తీరవలెను. అందలి గణితము, పటములు మనవై యుండవలెను. ప్రతి ప్రమాదవిచారణలో తేలిన సత్యము మరుసటినెలలోనే పాఠముగా ఆ తెరపై కెక్కవలెను.

ప్రమాదము జరిగిన దినమున జెండాలు దింపి, కన్నీరు కార్చి, బిరుదము లిచ్చుట మనకు బాగుగ తెలియును. అది కృతజ్ఞత, కాని కర్తవ్యము కాదు. తల్లిదండ్రులు దేశమునకు అప్పగించిన బిడ్డకు దేశ మీయవలసిన మొదటి కవచము శిక్షణము. పాలకులు ఆ కవచమును నేడే తొడుగుదురు గాక!