తూకమున కెక్కిన దేవళపు ఇనుము

మన వీధి దేవళములకు జీర్ణోద్ధరణ మను పేర నొక క్రొత్త రోగము పట్టినది. మొదట పోవునది తలుపు. టేకు రెక్కలకు బిగించిన ఇనుప పట్టీలు, గుబ్బలు, గొళ్ళెము, కడియము అన్నియు ఊడదీసి పాతసామాను వర్తకునికి కిలోల లెక్కన తూచి యిచ్చుట, ఆ స్థానమున తళతళలాడు స్టీలు గేటు నిలుపుట, దానిపై దాత పేరు చెక్కించుట! దీనిని మేము ఉద్ధరణ మనజాలము. (పాత పట్టీలపై పేరు చెక్కుటకు చోటు లేకపోవుటయే అసలు కారణ మేమో!)

గంజాం ప్రాంతమున తరతరములుగా నున్న తెలుగు కుటుంబముల వారము మేము. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి సరిహద్దు మారినది గాని, మా పూర్వులు కట్టించిన భజన మందిరము చోటు మారలేదు. దాని తలుపు పట్టీల చివరలు తీగెలవలె సాగి చిగురుటాకులై ముగియును. అవి అచ్చుపోసినవి కావు. పోత ఇనుము పెళుసు; సుత్తిదెబ్బకు పగులును. చేత ఇనుములో కర్బన మత్యల్పము. చిట్టెపు పోగులు నారవలె దానియందు వ్యాపించి యుండును. కనుకనే కమ్మరి దానిని కొలిమిలో కాల్చి, పట్టకారుతో పట్టి, దాగలిపై సాగగొట్టి, మెలిపెట్టి ఆకు చేయగలిగెను. తెల్లవేడిమిలో రెండు ముక్కలను సమ్మెటపోటుతో ఒక్కటి చేయగలిగెను. మా తలుపుపై ఏ రెండాకులును ఒక్క తీరుగా లేవు. నేడు చేత ఇనుమును పెద్దయెత్తున తయారుచేయు కర్మాగారములు లేవు. బజారులో ఆ పేర అమ్మునది చాలవరకు మెత్తని ఉక్కే. కనుక అమ్మినదానిని మరల కొనుట కలలోని మాట.

కోణార్కము మాకు దూరము కాదు. 13వ శతాబ్దిలో గాంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించిన ఆలయమది. సింహాచల పునర్నిర్మాణముతోడను ఆయన పేరు ముడివడి యున్నది. అచటి ఇనుప దూలములు కొన్ని ముప్పదియడుగులకు మించిన పొడవు. చిన్నచిన్న ఇనుప ముద్దలను కాల్చి, కొట్టి, అతికించి వానిని రూపొందించిరి. శిల్పముల ముందర నిలిచి ఫొటోలు తీయించుకొను మనవారిలో ఆ దూలములవంక చూచిన వారెందరు?

“తుప్పుపట్టిన ఇనుమునకు ఇంత వలపోత యేల?” అని కార్యవర్గ పెద్ద లనుచున్నారు. ఢిల్లీలోని విష్ణుధ్వజ స్తంభము చేత ఇనుమే. బోర్లించిన గంటవంటి శిరోభాగముతో, ఆరు టన్నులకు మించిన బరువుతో, అది పదునారు శతాబ్దములుగా నిలిచి యున్నది. ఆ ఇనుమునందలి భాస్వరము వలన దానిపై రక్షణపొర యేర్పడినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అన్ని ఇనుములు అట్టివి కావు, ఒప్పుకొందుము. సముద్రపుగాలి తగిలి, రాతిలో దాగిన ఇనుప బందులు తుప్పెక్కి ఉబ్బి రాతిని పగులగొట్టును, వానిని మార్చవలసినదే. తలుపుమీది ఆకు ఏ రాతిని పగులగొట్టినది?

మరికొందరు, కొన్నవారు భద్రపరచరా అందురు. ఇంగ్లండులోని హెరిఫర్డు కెథడ్రలు ఇనుప అడ్డుతెర 1862లో సిద్ధమైనది. అభిరుచి మారి దానిని 1967లో తొలగించిరి. పిదప లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము దానిని బాగుచేయించి 2001లో ప్రదర్శనకు పెట్టినది. అది యెచటిదో లోకమునకు తెలియును గనుక అంతమాత్రమైన దక్కినది. మన పట్టీ ఏ ధనికుని హాలు గోడకో ఎక్కినపుడు, ఏ ఊరిది, ఏ దేవునిది అని చెప్పు చీటీ దానివెంట పోవునా?

చట్టముమాటయు వినుడు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము, నూరేండ్లకు తక్కువ కాని కట్టడపు విడిభాగము పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశములకు పంపరాదు; వ్యాపారమునకు లైసెన్సు కావలెను. మా మందిరము నూరేండ్లు దాటినదని పెద్దలే చెప్పుచుందురు, ఉత్సవపు చందాలు అడుగునపుడు!

పట్టీలు ప్రస్తుతము మందిరము వెనుక వసారాలో, గోనెపట్టా క్రింద నున్నవి. ఒక ఆకు ఊడదీయునపుడే విరిగినది. వచ్చే ఏకాదశినాడు తూకపువాడు వచ్చునట. ఆనాడు మేము వసారా గుమ్మమున కూర్చుండ నిశ్చయించితిమి. మాతో కూర్చుండువారు ఉదయమే రాగలరు.