గాలికి గుమ్మటం, వరదకు మెరక

కోనసీమలో ఇల్లు కట్టదలచినవారు రెండు బలాలను గుర్తుంచుకోవాలి. ఒకటి సముద్రం మీదినుంచి వచ్చే గాలి. రెండవది గోదావరి పాయలలో పెరిగే నీరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరితోటలను నేలకూల్చింది. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలు లంక గ్రామాలను ముంచెత్తాయి. ఇట్టి ప్రాంతంలో ఇంటి ఆకారాన్ని గురించి ఆలోచించడం విలాసం కాదు, అవసరం. ఈ ఆలోచనలో జియోడెసిక్ గుమ్మటానికి స్థానం ఉన్నదనీ, అయితే అది మన నివాసగృహాలకంటె ఉమ్మడి కట్టడాలకే తగినదనీ నా అభిప్రాయం. అందుకు కారణాలను మనవి చేస్తాను.

గుమ్మటం అనే మాట పారసీక భాషలోని ‘గుంబద్’ నుంచి మనకు వచ్చింది. ఉర్దూ విద్యార్థికీ, తెలుగు విద్యార్థికీ అది ఉమ్మడి సొత్తు. బిజాపూరులో 1656లో పూర్తయిన గోల్ గుంబజ్ వెలుపలి వ్యాసం సుమారు 44 మీటర్లు. పైకప్పు బరువును, అది పక్కలకు తోసే బలాన్ని తట్టుకోవడానికి అక్కడ దాదాపు మూడు మీటర్ల మందం గల గోడలు కట్టారు. రాజోలు ప్రాంతపు మెత్తని ఒండ్రునేల మీద అంత బరువు పెట్టదలచడం వివేకం అనిపించుకోదు.

ఈ బరువు చిక్కును తొలగించినదే జియోడెసిక్ పద్ధతి. 1920లలోనే జర్మనీలోని యేనా నగరంలో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ ఇట్టి కప్పును నక్షత్రశాలకు నిర్మించాడు. తరువాత అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఈ పద్ధతిని విస్తరించి, 1954లో పేటెంటు పొందాడు. ఇందులోని సూత్రం సులభమైనది. నాలుగు కర్రలను చతురస్రంగా మేకులతో కలిపి ఒక మూలను నొక్కితే అది పక్కకు వాలిపోతుంది. మూడు కర్రల త్రిభుజం మాత్రం, కర్రయో ముడియో విరిగితే తప్ప ఆకారం మార్చుకోదు. అట్టి త్రిభుజాలను గోళంపై అల్లితే, ఒకచోట పడిన భారం అన్ని కర్రలకూ పంపకమవుతుంది. మూడు మీటర్ల వ్యాసార్ధం గల చిన్న అర్ధగోళానికి 65 కర్రలు చాలు. వాటిలో 35 కర్రలు సుమారు 1.85 మీటర్ల పొడవు, 30 కర్రలు సుమారు 1.64 మీటర్ల పొడవు ఉండాలి. కలిసే ముడులు 26. ఏర్పడే త్రిభుజాలు 40. లభించే నేల సుమారు 26 చదరపు మీటర్లు. మన తీరాన పెరిగే సరుగుడు కర్రలతోనే దీనిని నిలబెట్టవచ్చును.

గాలిని ఎదిరించి నిలిచే చదునైన గోడ లేకపోవడం గుమ్మటానికి గల గొప్ప గుణం. కాని గాలి దాని మీదుగా జారిపోతూ కప్పును పైకి లాగుతుంది. తేలికైన కట్టడానికి ఇది మరింత ప్రమాదం. కనుక పునాదికి గట్టిగా బంధించని గుమ్మటం గొడుగువలె ఎగిరిపోగలదు. ఇక వాన మాట. త్రిభుజాలు ఎన్ని ఉంటే అతుకులు అన్ని. అతుకు ఉన్నచోట నీరు కారే అవకాశం ఉన్నది. అమెరికాలో 1971లో ‘డోమ్‌బుక్ 2’ వెలువరించి గుమ్మటపు ఇళ్లకు విశేష ప్రచారం కల్పించిన లాయిడ్ కాన్, తానే అట్టి ఇళ్లలోని లోపాలను గ్రహించి, ఆ పుస్తక ముద్రణను నిలిపివేశాడు. ఆ తరువాత ఆయన దృష్టి దేశదేశాల సంప్రదాయ గృహాల వైపు మళ్లింది.

మన కుటుంబాల తీరు కూడ ఆలోచించదగినది. కుమారునికి వివాహమైతే ఒక గది వేస్తాము. పశువు వస్తే ఒక చావడి దించుతాము. నలుచదరపు ఇల్లు ఇందుకు ఒప్పుకొంటుంది, గుమ్మటం ఒప్పుకోదు. బీరువా ఆనించడానికి నిటారు గోడ ఉండదు. వంటింటి పొగ పైన చేరి దారి వెతుక్కుంటుంది. అందులో నివసించవలసిన తల్లులను, అక్కచెల్లెళ్లను అడగకుండా నమూనా నిర్ణయించడం న్యాయం కాదు. గాలిని ఎదుర్కొనే తెలివి మన కోస్తా పల్లెలకు కొత్తదేమీ కాదు. గుండ్రని మట్టిగోడ, కిందికి దిగిన తాటాకు చూరు గల చుట్టిల్లు అదే సూత్రానికి పల్లెరూపం. దానికి నిప్పుభయం, ఏటేటా కప్పు నేయవలసిన శ్రమ ఉన్నవి; అయినా దాని ఆకారంలోని బుద్ధి గౌరవించదగినది.

అట్లయితే గుమ్మటం ఎక్కడ తగును? గోళపు వ్యాసం రెట్టింపైతే ఉపరితలం నాలుగు రెట్లు, లోపలి ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతుంది. అనగా కట్టడం పెద్దదైనకొద్దీ ఈ పద్ధతి లాభం పెరుగుతుంది. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలో ఫుల్లర్ నిర్మించిన గుమ్మటం వ్యాసం 76 మీటర్లు. 1976లో అగ్నిప్రమాదంలో దాని పైపొర కాలిపోయినా ఉక్కు చట్రం నిలిచింది. పైపొర విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో, చట్రానికి ఎంత బలమున్నదో ఆ ఒక్క సంఘటనే చెప్పుతున్నది. నడుమ స్తంభాలు అక్కరలేని సభామందిరానికి, వ్యాయామశాలకు, సంత కొట్టానికి ఇది అనువైనది. అయితే గుమ్మటం గాలికి సమాధానమే గాని వరదకు కాదు. నేలను మెరక చేసి, ఎత్తైన అరుగు కట్టిన తరువాతనే దానిని నిలపాలి.

కమిటీవారికి నా విన్నపం ఇది. కళాశాల ఆవరణలో 65 కర్రల చిన్న గుమ్మటాన్ని విద్యార్థుల చేతనే కట్టించండి. గణితం చదివేవారు కొలతలు వేయాలి, భౌతికశాస్త్రం చదివేవారు బరువులు వ్రేలాడదీసి పరీక్షించాలి. అందులో ఎవరినీ కాపురం ఉంచకుండా ఒక వానకాలం, ఒక తుఫాను కాలం గమనించి లోపాలను వ్రాసిపెట్టాలి. 1948లో బ్లాక్ మౌంటెన్ కళాశాలలో విద్యార్థులతో కలిసి ఫుల్లర్ కట్టబోయిన గుమ్మటం అసలు పైకే లేవలేదు. మరుసటి సంవత్సరం లేచింది. విద్యాలయంలో జరిగిన వైఫల్యం పాఠమవుతుంది. బీదవాని ఇంటిపై జరిగిన వైఫల్యం వానికి నిలువనీడ లేకుండా చేస్తుంది. ప్రయోగాల భారాన్ని మోయవలసినది కళాశాలలే.